ఇతర సంస్థలను కొంటూ స్వతంత్ర సినిమా స్టూడియో ఎదగడం ఎలా: లయన్స్‌గేట్ లెక్కల నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

ఫ్లాప్ వచ్చిన శుక్రవారం నాడు ఏ సినిమా సంస్థా మూతపడదు. ఏడెనిమిది నెలల తరువాత మూతపడుతుంది. అప్పటికి వడ్డీ పేరుకుంటుంది, జీతాలు ఆగుతాయి, తరువాతి సినిమాకు అడ్వాన్సు ఇచ్చేవాడు కనబడడు. సినిమాల లెక్కలు చూసే పనిలో నేను దగ్గరగా చూసిన మూతలన్నీ ఇలాంటివే. పదేళ్లుగా ఒక్క హిట్టు లేకపోయినా తలుపులు తెరిచే ఉన్న ఆఫీసులనూ చూశాను. వాళ్ల బీరువాలో పాత సినిమాల హక్కుల కాగితాలు ఉండేవి. ఏటా ఏదో ఒక ఛానల్ వచ్చి ఎంతో కొంత ఇచ్చి వెళ్లేది. వరి పోయిన ఏడాది కోనసీమ రైతును దొడ్లో కొబ్బరిచెట్లు ఆదుకున్నట్లన్నమాట.

చిన్న నిర్మాణ సంస్థో పంపిణీ సంస్థో నడుపుతూ, మరో సంస్థను కొని ఎదగాలనుకునేవారి కోసం ఈ మార్గదర్శి. ఉదాహరణగా లయన్స్‌గేట్‌ను తీసుకున్నాను. 1997లో కెనడాలోని వాంకోవర్‌లో పుట్టిన ఈ సంస్థ హాలీవుడ్ పెద్ద స్టూడియోల వరుసలోది కాదు. కొనుగోళ్ల మీదే పెరిగి ఇప్పుడు 20,000కు పైగా సినిమాలు, టీవీ కార్యక్రమాల హక్కులు పోగుచేసుకుంది. దాన్ని ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. అది స్టాక్ మార్కెట్‌లో నమోదైన సంస్థ కావడంతో, బాగా కొన్నవీ చెడుగా కొన్నవీ అన్నీ బహిరంగ లెక్కల్లో కనబడతాయి.

మొదటి అడుగు: ఏ చిల్లు పూడ్చడానికి కొంటున్నారో రాసిపెట్టుకోండి

లయన్స్‌గేట్‌ను స్థాపించిన ఫ్రాంక్ జూస్ట్రా సినిమా మనిషి కాదు, గనుల సంస్థలకు పెట్టుబడులు సమకూర్చిన బ్యాంకరు. టొరంటో స్టాక్ మార్కెట్‌లో చోటు కోసం బెరింజర్ గోల్డ్ అనే బంగారు గనుల సంస్థతో తన సంస్థను విలీనం చేశాడు. చేతిలో డబ్బుంది కాబట్టి వరుసగా కొన్నాడు. 1962 నుంచి మాంట్రియాల్‌లో సినిమాలు తీస్తూ పంచుతూ వచ్చిన సినీపిక్స్, వాంకోవర్ పక్కనే ఉన్న నార్త్ షోర్ స్టూడియోస్ ఫ్లోర్లు, మాండలే టెలివిజన్‌లో వాటా, అన్నీ ఆ మొదటి ఏడాది రెండేళ్లలోనే వచ్చి చేరాయి. ఒక్కొక్కటి విడిగా చూస్తే మంచిదే. కలిపి చూస్తే, ఎందుకు కొన్నట్లో చెప్పడం కష్టం.

2000లో జాన్ ఫెల్‌తైమర్, మైకేల్ బర్న్స్ పగ్గాలు అందుకున్నాక కొనుగోళ్లకు ఒక తర్కం వచ్చింది. చెడ్డ ఏడాదిలో కూడా నగదు రావాలి, అందుకు పాత సినిమాల హక్కులున్న ట్రైమార్క్, ఆ తరువాత ఆర్టిజాన్. బ్రిటన్‌లో సొంత పంపిణీ లేదు, అందుకు 2005లో 3.5 కోట్ల డాలర్లకు రెడ్‌బస్. విదేశీ అమ్మకాలు తెలిసిన నిర్మాణ బృందం కావాలి, అందుకు 2007లో సుమారు 5.6 కోట్ల డాలర్లకు మాండేట్ పిక్చర్స్. మరోవైపు నార్త్ షోర్ ఫ్లోర్లను 2006లో అమ్మేశారు. స్టూడియో అనగానే మనకు ఫ్లోర్లు, వెనక ఎకరాల స్థలం గుర్తొస్తాయి. హైదరాబాద్‌లో ఆ స్థలం విలువే సంస్థ విలువను మించిపోయిన సందర్భాలున్నాయి కాబట్టి అలా అనుకోవడంలో తప్పులేదు. కానీ అది భూమి వ్యాపారం. ఫ్లోరుకు అద్దె వచ్చేది ఎవరైనా షూటింగ్ చేస్తేనే. షూటింగులు తగ్గిన చెడ్డ ఏడాది మీ సినిమాలతో పాటు అదీ ఖాళీగానే పడి ఉంటుంది.

ఒక కాగితం తీసుకోండి. గత ఐదేళ్లలో మీ సంస్థకు ఊపిరాడని నెలలు ఏవి, ఎందుకు ఆడలేదు, ఒక్కొక్క వాక్యంలో రాయండి. కొనబోయే సంస్థ ఆ వాక్యాల్లో కనీసం ఒకదానికి జవాబు కాకపోతే, ఎంత చవకగా వచ్చినా వదిలేయండి.

రెండో అడుగు: అమ్మక తప్పని మనిషి కోసం ఓపిగ్గా చూడండి

సినిమా సంస్థలను హిట్టు కొట్టిన మరుసటి ఏడాది కొనకూడదు. ఆర్టిజాన్ కథే చూడండి. 1999లో అతి తక్కువ ఖర్చుతో తీసిన ఒక భయానక చిత్రాన్ని పంపిణీ చేసి ప్రపంచమంతటా 24 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేయించింది. ఆ ఊపులో దాన్ని కొనాలంటే ఆస్తులు అమ్ముకోవాల్సి వచ్చేది. తరువాత వచ్చిన రెండో భాగం నిరాశపరిచింది. డబ్బు పెట్టిన ప్రైవేటు పెట్టుబడి నిధులకు బయటపడే సమయం వచ్చింది. 2003 డిసెంబరులో లయన్స్‌గేట్ 16 కోట్ల డాలర్ల నగదు ఇచ్చి, 6 కోట్ల డాలర్ల అప్పు తలకెత్తుకుని, మొత్తం 22 కోట్లకు దాన్ని సొంతం చేసుకుంది. వేల శీర్షికల (సినిమాలు, కార్యక్రమాల) హక్కులు ఒక్క సంతకంతో వచ్చాయి. డీవీడీల అమ్మకాలు మంచి ఊపు మీదున్న రోజులవి కాబట్టి ఆ హక్కులకు రాబడి వెంటనే మొదలైంది.

అమ్మక తప్పని పరిస్థితులు నాలుగైదు రకాలుగా వస్తాయి. పెట్టుబడి నిధికి గడువు ముగుస్తుంది. స్థాపకుడు పోతాడు, వారసులకు సినిమా మీద ఆసక్తి ఉండదు (తెలుగులో చాలా మంచి సినిమాలు చేతులు మారింది ఇలాగే). దివాలా వస్తుంది. వైన్‌స్టీన్ కంపెనీ 2018లో దివాలా తీస్తే లాంటర్న్ అనే సంస్థ 28.9 కోట్ల డాలర్లకు కొన్నది, అది స్పైగ్లాస్‌గా మారింది, 2021లో అందులోని దాదాపు 200 సినిమాలు లయన్స్‌గేట్‌కు చేరాయి. దివాలా కోర్టులో మొదటి కొనుగోలుదారు కావడం కన్నా, అతను శుభ్రం చేశాక రెండో వరుసలో కొనడం కొన్నిసార్లు క్షేమం.

అన్నిటికన్నా మంచి అవకాశం, మాతృసంస్థ మనసు మార్చుకున్నప్పుడు వస్తుంది. బొమ్మల సంస్థ హాస్‌బ్రో 2019 చివర్లో ఎంటర్‌టైన్‌మెంట్ వన్‌ను దాదాపు 400 కోట్ల డాలర్లు పోసి కొన్నది. నాలుగేళ్లు తిరిగేసరికి సినిమాలు తీయడం తన పని కాదని తేల్చుకుంది. 2023 డిసెంబరులో లయన్స్‌గేట్ 37.5 కోట్ల డాలర్ల నగదుకు, నిర్మాణ రుణాల బాధ్యతతో కలిపి, సుమారు 6,500 శీర్షికలున్న ఆ సినిమా, టీవీ విభాగాన్ని తీసుకుంది. 400 కోట్ల సరుకు 37 కోట్లకు వచ్చిందని చంకలు గుద్దుకునే ముందు ఒక సంగతి గమనించాలి. పిల్లల కార్యక్రమం పెప్పా పిగ్‌ను హాస్‌బ్రో తన దగ్గరే ఉంచుకుంది, సంగీత విభాగాన్ని అంతకుముందే వేరేగా అమ్మేసింది. అసలు పాలు వాళ్లు పట్టుకెళ్లారు, మజ్జిగ మిగిలింది. అయినా మజ్జిగ ధర పెట్టే కొన్నారు కాబట్టి నష్టం లేదు.

మూడో అడుగు: లింకు డాక్యుమెంట్లు చూడండి

ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నేను చూసిన నష్టాల్లో సగానికి పైగా ఇక్కడే పుట్టాయి.

రెండు వందల గజాల స్థలం కొనేవాడు కూడా ముప్పై ఏళ్ల ఈసీ తీయిస్తాడు, లింకు డాక్యుమెంట్లు వరుసగా ఉన్నాయా అని చూస్తాడు, పక్కింటివాడిని అడుగుతాడు. అదే మనిషి నలభై సినిమాల హక్కులు కొనేటప్పుడు అమ్మేవాడు ఇచ్చిన జాబితా చూసి సంతకం పెట్టేస్తాడు. జాబితాలో పేరున్నంత మాత్రాన హక్కు ఉన్నట్లు కాదు.

ఒక సినిమా ఎన్ని చేతులు మారుతుందో చూడండి. డర్టీ డ్యాన్సింగ్ 1987లో వెస్ట్రాన్ తీసినది. వెస్ట్రాన్ కూలింది, లైవ్ ఎంటర్‌టైన్‌మెంట్ కొన్నది. లైవ్ పేరు మార్చుకుని ఆర్టిజాన్ అయింది. ఆర్టిజాన్‌ను లయన్స్‌గేట్ కొన్నది. నాలుగు పేర్లు, ఒకే సినిమా. ప్రతి మలుపులోనూ ఒప్పంద పత్రం ఉండాలి, దాని అనుబంధంలో ఈ సినిమా పేరు ఉండాలి. మధ్యలో ఒక్క కాగితం లేకపోయినా, రేపు ఎవరైనా కోర్టుకెళితే రాబడి ఆగిపోతుంది. పైగా ఆర్టిజాన్ జాబితాలో ఉన్నవన్నీ పూర్తి యాజమాన్యం కావు. కొన్నిటికి ఉత్తర అమెరికాలో వీడియో హక్కులే ఉన్నాయి, థియేటర్, టీవీ, విదేశీ హక్కులు వేరేవాళ్లవి. కొన్ని మరో సంస్థ నుంచి కొంతకాలానికి తీసుకున్నవి, గడువు తీరితే తిరిగి వెళ్లిపోయేవి.

కాబట్టి ప్రతి సినిమాకూ ఒక పట్టిక వేయండి. అడ్డంగా హక్కులు రాయండి: థియేటర్, శాటిలైట్, డిజిటల్, ఆడియో, డబ్బింగ్, రీమేక్, విమానాలు, విదేశాలు, నెగటివ్. నిలువుగా రాయాల్సినవి: ఎవరి దగ్గర ఉంది, ఏ ప్రాంతానికి, ఏ తేదీ వరకు, ఆ ఒప్పందం అసలు ప్రతి ఎక్కడ. నలభై సినిమాలకు ఈ పట్టిక పూర్తయ్యేసరికి రెండు నెలలు పడుతుంది. అమ్మేవాడు తొందరపెడతాడు. పెట్టనివ్వండి.

ఒకసారి పధ్నాలుగు సినిమాల హక్కులు చూడమని నన్ను పిలిచారు. కాగితాలన్నీ ఒక రేకు పెట్టెలో ఉన్నాయి. మూడో రోజు సాయంత్రానికి తేలిందేమిటంటే, అందులో అన్నిటికన్నా మంచి సినిమా శాటిలైట్ హక్కును నిర్మాత ఒకరికి తొంభైతొమ్మిదేళ్లకు రాసిచ్చాడు, ఆయన పోయాక కొడుకు మరొకరికి పదేళ్లకు రాసిచ్చాడు. ఇద్దరి దగ్గరా స్టాంపు పేపర్లున్నాయి. మోసమేమీ లేదు, తండ్రి ఏం రాశాడో కొడుక్కు తెలియదంతే. ఆ ఒక్క సినిమా తీసేస్తే మిగతా పదమూడింటి ధర సగానికి సగం పడిపోయింది.

మన చట్టంలో కొనేవారు తప్పక చూడాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. భారత కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకు రక్షణ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1960లో వచ్చిన సినిమాకు 2020తో ముగిసింది. 1968లో వచ్చినదానికి 2028 చివరి వరకే. మనం స్వర్ణయుగం అని మురిసిపోయే సినిమాల హక్కులు ఏడాదికొక వరుస చొప్పున జారిపోతున్నాయి, ధర మాత్రం అభిమానం కొద్దీ చెబుతుంటారు. అమెరికాలో సంస్థలు తీసిన సినిమాలకు రక్షణ 95 ఏళ్లు. అందుకే అక్కడి లెక్కను ఇక్కడికి ఎత్తుకొస్తే కుదరదు.

ఇంకా ఉంది. హక్కుల బదిలీ పత్రంలో గడువు రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా భావిస్తుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. 2012 సవరణ తరువాత, ఒప్పందం నాటికి లేని కొత్త మాధ్యమాలకు ఆ బదిలీ వర్తించదు, వాటిని పేరుపెట్టి రాసి ఉంటే తప్ప. పాటల రచయితలకు, సంగీత దర్శకులకు థియేటర్ బయటి వాడకం మీద రాయల్టీ హక్కు వదులుకోవడానికి వీల్లేనిది. ఇవన్నీ మీరు లెక్కేసుకున్న రాబడిని కోసేవే.

హక్కు ముగిసిన సినిమాకు కూడా ప్రాణం ఉండవచ్చన్న దానికి అమెరికాలో ఒక విచిత్రమైన ఉదాహరణ ఉంది. 1946 నాటి ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్‌కు 1974లో కాపీరైట్ పొడిగించడం మరిచిపోయారు. టీవీ స్టేషన్లన్నీ ఉచితంగా వేసుకున్నాయి. ఆ వేయడం వల్లే అది క్రిస్మస్ పండగ సినిమా అయింది. 1993లో రిపబ్లిక్ పిక్చర్స్ ఆ సినిమాకు ఆధారమైన కథ మీద, సంగీతం మీద తన హక్కులు ఇంకా బతికే ఉన్నాయని చూపించి ప్రసారాలను తన అదుపులోకి తెచ్చుకుంది. కథ హక్కు కాగితం ఎవరి దగ్గరుందో అడగడం మరిచిపోకండి.

చివరగా, ముడిసరుకు. నెగటివ్ ఎక్కడుంది? మన పాత సినిమాలు చాలావరకు మద్రాసులో తయారైనవి, ల్యాబులు కొన్ని మూతపడ్డాయి, డబ్బాలు చేతులు మారాయి. హక్కు మీదే అయినా మంచి ప్రతి లేకపోతే ఏ డిజిటల్ వేదికా కొనదు. డబ్బా తెరిపించి చూడండి. వెనిగర్ వాసన వస్తే ఫిల్ము కుళ్లుతోందని అర్థం.

నాలుగో అడుగు: ధర కట్టడం

అమ్మేవాడు ఒక అంకె చెబుతాడు: "ఏటా కోటి రూపాయలు వస్తోంది, ఎనిమిదేళ్ల రాబడి ఇవ్వండి, ఎనిమిది కోట్లు." దీన్ని ఎలా విప్పాలో ఊహాజనితమైన అంకెలతో చూపిస్తాను.

ఐదేళ్ల సగటు కోటి అన్నాడు కదా, అందులో 40 లక్షలు ఒకే సినిమాకు ఒకసారి కుదిరిన డిజిటల్ ఒప్పందం వల్ల వచ్చిన సగటు. అది మళ్లీ వస్తుందన్న హామీ లేదు. తీసేయండి, 60 లక్షలు. నటులకు, సహ నిర్మాతలకు లాభాల్లో వాటాలు, రాయల్టీలు 9 లక్షలు. వసూలు చేసే మనుషులు, ప్రతుల మరమ్మతు, న్యాయవాదులు 6 లక్షలు. మిగిలింది 45 లక్షలు. పాత సినిమాల రాబడి మెల్లగా తగ్గుతుంది, ఏటా 5 శాతం అనుకుందాం. మీరు తెచ్చే డబ్బు మీద ఏటా కట్టాల్సిన వడ్డీ, రాబడి 14 శాతం. పదేళ్ల రాబడిని ఈనాటి విలువకు తగ్గిస్తే సుమారు 1 కోటి 99 లక్షలు వస్తుంది. ఎనిమిది కోట్లెక్కడ, రెండు కోట్లెక్కడ! మధ్యలో ఉన్నదంతా అమ్మేవాడి జ్ఞాపకాల విలువ.

పదేళ్ల తరువాత కూడా కొంత వస్తుందని వాదించవచ్చు. నిజమే, అమెరికా లెక్కల పద్ధతిలో కొన్న పాత చిత్రాలకు 20 ఏళ్ల దాకా రాబడి అంచనా వేయనిస్తారు. అయితే ఆ రెండో పదేళ్లను బేరంలో వాడుకోండి కానీ చెల్లించకండి. మీ లాభమంతా అందులోనే ఉంటుంది.

సంస్థ వాటాలు కొనాలా, హక్కులు మాత్రమే కొనాలా అన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. వాటాలు కొంటే ఒప్పందాలన్నీ యథాతథంగా వస్తాయి, వాటితో పాటు పాత పన్ను తగాదాలు, ఎవరికో ఇచ్చిన హామీ సంతకాలు కూడా. హక్కులు మాత్రమే కొంటే ఆ బరువు రాదు, కానీ ఒక్కో ఒప్పందానికి అవతలివాళ్ల అంగీకారం తెచ్చుకోవాల్సి రావచ్చు. చిన్న సంస్థలకు నేను రెండోదే చెబుతాను.

ఐదో అడుగు: డబ్బు

లయన్స్‌గేట్ చేసినవాటిలో లెక్కల మనిషిగా నాకు బాగా నచ్చింది 2012 జనవరి నాటి సమ్మిట్ కొనుగోలు. ధర 41.25 కోట్ల డాలర్లు. ట్విలైట్ సినిమాలు తీసిన సంస్థ అది, చేతిలో బోలెడు నగదు ఉంది. ధరలో పెద్ద భాగం ఆ నగదులోంచే చెల్లించారు, మిగతాది కొత్త వాటాలు, బాండ్లు, కొంచెం సొంత డబ్బు. పాత అప్పు తీర్చడానికి 50 కోట్ల డాలర్ల కొత్త రుణం తెచ్చారు. ట్విలైట్ ఆఖరి భాగం ఆ నవంబరులో విడుదల కావాల్సి ఉంది కాబట్టి రుణదాతలకు తిరిగి వచ్చే దారి కళ్లముందే ఉంది. అది వచ్చింది, ప్రపంచమంతటా 80 కోట్ల డాలర్లు దాటింది. కొన్న రెండు నెలలకే లయన్స్‌గేట్ సొంత సినిమా హంగర్ గేమ్స్ వచ్చి దాదాపు 69 కోట్లు వసూలు చేసింది. అదృష్టమే, కానీ ఆ సినిమా రాకపోయినా కూలిపోని విధంగా బేరం కట్టారు.

రెండో మార్గం, కొన్న వెంటనే కొంత అమ్మడం. 2009లో టీవీ గైడ్ నెట్‌వర్క్‌ను 25.5 కోట్ల డాలర్లకు కొని, కొన్ని నెలల్లోనే 49 శాతం వాటాను 12.3 కోట్లకు మరో పెట్టుబడిదారుకు ఇచ్చేశారు. ఆ ఛానల్ అవసరమా అన్నది వేరే ప్రశ్న, నా మటుకు అవసరం లేదు. పెట్టిన డబ్బులో సగం మాత్రం వెంటనే వెనక్కి తెచ్చుకున్నారు.

వాటాలు జారీ చేసి కొనడం తేలిక. కానీ వాటాలతో పాటు ప్రశ్నించే హక్కు కూడా బయటికి వెళుతుంది. టీవీ గైడ్ లాంటి కొనుగోళ్లను తప్పుపట్టిన పెట్టుబడిదారు కార్ల్ ఐకాన్, ఒక దశలో 37 శాతానికి పైగా వాటా పోగేసి, 2010లో సంస్థనే తనకు అమ్మేయమని మిగతా వాటాదారులకు ధర ప్రకటించాడు. యాజమాన్యం అడ్డుకోవడానికి విషగుళిక అని పిలిచే నిబంధన (ఒకరి వాటా ఒక పరిమితి దాటితే మిగతావారికి చవకగా కొత్త వాటాలిచ్చేది) పెట్టింది. ఆ జూలైలో అప్పు పత్రాలను వాటాలుగా మార్చి, తమకు అనుకూలుడైన మార్క్ రచెస్కీ చేతిలో పెట్టింది. మొత్తం వాటాల సంఖ్య పెరగడంతో ఐకాన్ వాటా 33.5 శాతానికి దిగింది. కోర్టు గొడవలు ఏడాది నడిచాయి. 2011 ఆగస్టులో అతను ఒక్కో వాటా 7 డాలర్ల చొప్పున అమ్ముకుని వెళ్లిపోయాడు. 2013 చివరికి ఆ వాటా ధర 30 డాలర్లు దాటింది. ఎవరు గెలిచారన్న సంగతి అలా ఉంచి, ఏడాదికి పైగా యాజమాన్యం సినిమాల మీద కన్నా వకీళ్ల మీద ఎక్కువ కాలం గడిపిందన్నది గుర్తుంచుకోండి. చిన్న సంస్థలో ఐకాన్ రాడు, బావమరిది వస్తాడు. పని అదే జరుగుతుంది.

ఆరో అడుగు: మనుషులు, మొదటి వంద రోజులు

సంతకాలైన మరునాడు చేయాల్సిన పని ఉత్సాహం కలిగించేది కాదు. మీ హక్కులు వాడుకుంటున్న ప్రతి ఛానల్‌కు, డిజిటల్ వేదికకు, విదేశీ పంపిణీదారుకు ఒక నోటీసు పంపాలి: యజమాని మారాడు, ఇకపై డబ్బు ఈ ఖాతాకు పంపండి. ఇది ఆలస్యమైతే రెండు త్రైమాసికాల రాబడి పాత యజమాని ఖాతాలో పడుతుంది, దాన్ని వెనక్కి తెచ్చుకోవడం ఇంకో చిత్రకథ. తరువాత ఆ సినిమాలను కలిపి అమ్మండి. కొత్త సినిమా ఒకటి అడిగినవాడికి దానితో పాటు ఇరవై పాతవి అంటగట్టడం పంపిణీదారులకు మనం నేర్పనక్కర్లేదు.

మనుషుల విషయంలో లయన్స్‌గేట్ దగ్గర ఒక సరదా కథ ఉంది. 2007లో మాండేట్‌ను కొన్నప్పుడు దానితో పాటు జో డ్రేక్ వచ్చి సినిమా విభాగానికి అధిపతి అయ్యాడు. 2012లో సమ్మిట్‌ను కొన్నప్పుడు దాని అధిపతులు రాబ్ ఫ్రీడ్‌మన్, ప్యాట్రిక్ వాక్స్‌బర్గర్‌లకు ఆ కుర్చీ ఇచ్చారు, డ్రేక్ వెళ్లిపోయి గుడ్ యూనివర్స్ అనే సంస్థ పెట్టాడు. 2017లో లయన్స్‌గేట్ ఆ సంస్థనూ కొని డ్రేక్‌ను మళ్లీ అదే విభాగానికి తెచ్చింది. ఒకే మనిషి కోసం రెండుసార్లు డబ్బు కట్టినట్లు. నవ్వుకోవచ్చు కానీ, సినిమా సంస్థలో రోజూ సాయంత్రం ఇంటికి వెళ్లిపోయే ఆస్తి మనుషులే. ఎవరు ఉండాలి, ఎవరు వెళ్లాలి అన్నది ధర మాట్లాడే రోజే తేల్చండి. ఉండాల్సిన వారి డబ్బులో కొంత భాగాన్ని మూడేళ్ల తరువాత ఇచ్చేలా ఒప్పందంలో రాయండి.

ఏడో అడుగు: గొట్టం కొనకండి

సరుకు ఉన్నవాడికి ఎప్పుడో ఒకసారి దుకాణం కూడా కొనాలనిపిస్తుంది. 2016లో లయన్స్‌గేట్ 440 కోట్ల డాలర్లతో స్టార్జ్ అనే చందా ఛానల్‌ను కొన్నది. అంతకుముందు కొన్నవాటిలో పైన చెప్పుకున్నవన్నీ కలిపినా అందులో మూడో వంతుకు రావు. కేబుల్ చందాదారులు ఏటా తగ్గుతున్న రోజులవి. ఛానల్ తన సొంత డిజిటల్ సేవకు మారాలంటే దేశదేశాల్లో డబ్బు పోయాలి. 2022లో స్టార్జ్ విలువలో 147 కోట్ల డాలర్లకు పైగా నష్టంగా రాసి ఖాతా పుస్తకాల్లోంచి తీసేయాల్సి వచ్చింది. సమ్మిట్‌ను మూడుసార్లు కొనగలిగిన డబ్బు అది.

తేడా ఎక్కడుంది? హక్కుకు మాధ్యమంతో పని లేదు. వీడియో క్యాసెట్ పోయి డీవీడీ వచ్చింది, డీవీడీ పోయి డిజిటల్ వచ్చింది, డర్టీ డ్యాన్సింగ్ అన్నిట్లోనూ అమ్ముడైంది. ఛానల్ మాత్రం ఒక కాలపు గొట్టం. గొట్టం పాతబడితే బాగుచేసే ఖర్చు మీదే. పైగా దుకాణం మీదయ్యాక మీ మంచి సినిమాలను పోటీ దుకాణాలకు అమ్మాలా, మీ దగ్గరే ఉంచాలా అన్న మీమాంస ప్రతి వారం వస్తుంది. ఎటు తేల్చినా ఒక విభాగానికి నష్టమే.

ఎనిమిదో అడుగు: కొన్ననాడే విడిపోవడానికి ఏర్పాటు

స్టార్జ్‌ను వదిలించుకోవడానికి లయన్స్‌గేట్‌కు ఏళ్లు పట్టింది. 2024 మేలో స్టూడియో వ్యాపారాన్ని వేరే సంస్థగా మార్కెట్‌లోకి తెచ్చారు, 2025 మేలో రెండూ పూర్తిగా విడిపోయాయి. అప్పులు ఎవరి వాటాకు, పాత సినిమాలు ఎవరికి, ఛానల్ కోసం తీసిన ధారావాహికల హక్కులు ఎవరివి అని తేల్చుకోవడమే అందులో పెద్ద పని.

ఆ కష్టం మీకు రాకుండా ఉండాలంటే కొన్న ప్రతి సంస్థకూ విడి ఖాతా పుస్తకం, విడి బ్యాంకు ఖాతా ఉంచండి. కొనుగోలుకు తెచ్చిన అప్పును ఆ సంస్థ హక్కుల మీదే తాకట్టు పెట్టండి, మీ మొత్తం సంస్థ మీద కాదు. కొన్న సినిమాల రాబడిని కొత్త సినిమా నిర్మాణంలోకి మళ్లించాల్సి వస్తే దాన్ని అప్పుగా రాసి, వడ్డీ వేసి, తిరిగి కట్టే తేదీ పెట్టండి. మూడో అడుగులో వేసిన పట్టికను ఏటా మార్చి నెలాఖరున తెరిచి, ఆ ఏడాది గడువు తీరబోయే హక్కుల గళ్లకు ఎర్ర రంగు వేయండి. ఎర్ర గళ్లు మూడో వంతు దాటిన రోజున మళ్లీ రెండో అడుగుకు వెళ్లి, అమ్మక తప్పని మనిషి ఎవరున్నారో వాకబు చేయడం మొదలుపెట్టండి.